నాలుగో వంతు

అచావో రేవులో మా నోటరీ ఆఫీసు.
కింద వలల కొట్టు, పైన మేం.
చెక్కమెట్లు ఎక్కుతున్న ఊపిరిని బట్టి
వచ్చింది అమ్మకానికో, అప్పుకో, చావుకో
ఇరవై ఆరేళ్ళుగా పోల్చుకుంటున్నాను.
సంతకం నోటరీగారిది, సొత్తు వాళ్ళది,
దస్తూరి మాత్రం నాది.

పిల్లలున్నవాడితో మా చిలీ చట్టం ఇలా అంటుంది:
సగం నీ రక్తానిది, దాని జోలికి పోకు.
ఇంకో పావు కూడా ఇంట్లోవాళ్ళదే,
ఎవరిమీద మొగ్గుంటే వాళ్ళకి రాయి.
మిగిలిన నాలుగో వంతు
నీ ఇష్టం.
నీ పిచ్చి అనుకో, పోనీ.

మూడొంతులు రాసేటప్పుడు ఎవరూ నీళ్ళు నమలరు.
నాలుగోది రాగానే
టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటారు.

రొసమెల్ బారియా
ఏటా రెండు బస్తాల బంగాళాదుంపలు రాయించాడు
తన గొర్రెల్ని ఎత్తుకుపోయినవాడికి.
"దొంగిలించాడని ఊరందరికీ తెలుసు.
ఆకలికని నాకొక్కడికే తెలుసు.
ఎదురుపడితే నోరు రాలేదు. రాసుకో."

ఎదువీనా మాన్సియా తన అకార్డియన్ కోడలికిచ్చింది.
షరతు: ఇప్పుడు వాయిస్తున్నంత చెడ్డగానే వాయించాలి.
నేర్చుకుందా, అది చర్చికి పోతుంది.
సాక్షులు ముగ్గురూ నవ్వారు.
ఆవిడ నవ్వలేదు.

ఎర్మిందా చిగ్వాయ్‌కి పిల్లల్లేరు,
నాలుగు వంతులూ ఆవిడవే.
తమ్ముడు ఫిలిదోర్‌తో పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.
ఎందుకని అడిగితే ఇద్దరికీ గుర్తులేదు,
గుర్తులేని పట్టుదలే గట్టిది.
వీలునామా రెండే వాక్యాలు:
"నా ఇంటిని ఎద్దులు కట్టి కొండ అవతలికి లాగి
తమ్ముడి వాకిలికి ఎదురుగా నిలపండి.
నేను పోలేకపోయాను, ఇల్లయినా పోతుంది."

మా దీవుల్లో ఇళ్ళు నడవడం వింత కాదు.
దుంగల మీద, పన్నెండు జతల ఎద్దులు,
బురదలో మోకాళ్ళదాకా జనం,
పొయ్యిగొట్టం తాగుబోతులా ఊగుతూ,
కిటికీకి ఆవిడ కట్టిన తెర కట్టినట్టే.
లాగినవాళ్ళకి అన్నం పెట్టాల్సింది ఇంటి యజమాని.
యజమాని మట్టిలో ఉంది.
ఎవరూ ఏమీ అనలేదు.
ఫిలిదోర్ గుమ్మంలో చాలాసేపు నిలబడి
లోపలికి పోయి
పందిని తోలుకొచ్చాడు.

బెలార్మినో నవ్వెల్కిన్ సంగతీ చెప్పాలి.
సంతరోజల్లా మా కిటికీ కింద ఆగి అరిచేవాడు:
"వీలు చూసుకుని వస్తా, కాయితం సిద్ధం చెయ్!"
మెట్లు పదిహేడే.
వీలునామాకి అతనికి వీలు దొరకలేదు.
అరవై ఒకటో ఏట, బూటు తొడుక్కుంటూ, ఒక కాలికే.
ఇద్దరు భార్యలు, ఎనిమిది మంది పిల్లలు,
పసుపురంగు పడవ ఒక్కటి.
"నాకిస్తానన్నాడు" అని ఎనిమిది మందీ ప్రమాణం చేశారు.
అబద్ధం ఎవరిదీ కాదనుకుంటా,
నోటితో ఇవ్వడానికి ఖర్చేముంది?
పడవ ఒడ్డునే ఉంది. అమ్మడానికి లేదు,
నీళ్ళలోకి దింపడానికి లేదు, చెక్క పుచ్చిపోతోంది.
రోజుకి రెండుసార్లు పోటు వచ్చి
దాన్ని కాస్త లేపి, అక్కడే దింపి పోతుంది.

మొన్న మంగళవారం వాన. ఎవరూ రాలేదు.
"మీరిటు కూర్చుని రాయండి" అన్నాను నోటరీగారితో.
కింద కొట్టులోంచి సాక్షుల్ని పిలిచాం,
చేతులకి ఇంకా తారు వాసన.
ఇల్లు, నాలుగు గొర్రెలు, గోడగడియారం.
మూడొంతులు మా అమ్మాయి ఇస్మేనియాకని
గడగడా చెప్పేశాను.
"నాలుగోది?" అన్నాడాయన.

ఎంతమందికి రాసిపెట్టానో ఆ మాట!
నా తలలో ఒక పేరు ఉంది,
ముప్ఫయ్యేళ్ళుగా ఎక్కడా పలకనిది.
టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాను.
ఆయన పెన్ను ఎత్తి పట్టుకుని
నా ఊపిరి వింటున్నాడు.